విండోస్ 11 రివ్యూ: మూడు లిపుల షాపులో నిలబడుతుందా?

దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం దాకా జిరాక్స్ షాపుల బల్ల మీద కనిపించే సరంజామా దాదాపు ఒకటే. ఒక అసెంబుల్డ్ సిస్టం, ఒక కెనాన్ ఎల్‌బీపీ 2900బీ ప్రింటరు, ఒక వేలిముద్ర మిషను. తెలుగు టైపింగ్‌కి అను, ఒడియా టైపింగ్‌కి ఆకృతి, రెండింటికీ కలిపి పేజీలు కూర్చే పేజ్‌మేకర్. విండోస్ 11ని ఈ బల్ల మీద పెట్టి చూడాలి. గేములు ఎలా ఆడుతుందో, కిటికీల మూలలు ఎంత గుండ్రంగా ఉన్నాయో చెప్పే రివ్యూలు బోలెడున్నాయి. వాటిలో ఒక్కటి కూడా శుభలేఖ ఫైలు తెరిచి చూడదు.

ముందే మార్కులు వేసేస్తే, అయిదుకి మూడు. సిస్టం బాగానే ఉంది, దాని మీదకి ఎక్కే దారే బాగోలేదు. పోయిన రెండు మార్కుల్లో ఒకటి ఉన్న మెషీన్లను పక్కన పెట్టేసినందుకు, రెండోది పాత ప్రింటర్లూ ఫాంట్లూ పెట్టే తిప్పలకు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆపేసింది. అంటే సిస్టం ఆగిపోదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగుతాయి. అక్కడక్కడా షాపుల్లో "ఇక విండోస్ 10 ఆన్ అవదట" అని చెప్పి కొత్త సీపీయూ అంటగడుతున్నారు, అది నిజం కాదు. అయితే రోజూ పదిమంది పెన్‌డ్రైవులు గుచ్చే సిస్టం, జనం ఆధార్ వివరాలు నడిచే సిస్టం అప్‌డేట్లు లేకుండా ఉండకూడదు.

మీ మెషీన్ ఎక్కుతుందా లేదా అన్నది మదర్‌బోర్డు పేరు చూస్తేనే సగం తెలిసిపోతుంది. హెచ్61, హెచ్81, హెచ్110 అయితే ఎక్కదు. వాటిలో పట్టేవి ఇంటెల్ రెండో తరం నుంచి ఏడో తరం దాకా ప్రాసెసర్లే, మైక్రోసాఫ్ట్ అడిగేది ఎనిమిదో తరం నుంచి పైకి. హెచ్310 నుంచి దారి ఉంది. ప్రాసెసర్ పేరులో గీత తరవాతి అంకె చూడండి: ఐ3-8100 అయితే ఎనిమిదో తరం, పరవాలేదు. ఐ5-7400 ఏడో తరం, అది ఐ5 అయినా లాభం లేదు. ఏఎమ్‌డీలో రైజెన్ 2000 వరస నుంచి అంటారు గానీ అందులో ఒక మెలిక ఉంది. 2200జీ, 2400జీ పేరుకే 2000, లోపల చిప్పు అంతకుముందు తరానిది, అందుకే లిస్టులో లేవు. సెకండ్ హ్యాండ్‌లో ఇవి చవగ్గా దొరికేదీ అందుకే.

ప్రాసెసర్ సరిపోయినా "ఈ పీసీ పనికిరాదు" అని మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రాము చెప్పిందంటే చాలాసార్లు అడ్డం టీపీఎం 2.0, అంటే తాళంచెవులు దాచే భద్రతా ఏర్పాటు. అది విడిగా కొనాల్సిన ముక్క కాదు, ప్రాసెసర్‌లోనే ఉంటుంది, బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో వెతికి ఆన్ చేయాలి. టీపీఎం మాడ్యూల్ అని చిన్న ముక్క అమ్మజూపితే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

ఇంకో అడ్డంకి లెగసీ బూట్. అసెంబుల్డ్ సిస్టమ్‌లలో విండోస్ 10ని డిస్కు విభజించే పాత ఎంబీఆర్ పద్ధతిలో వేసి ఇచ్చినవే ఎక్కువ. విండోస్ 11కి కొత్తరకం బూట్ యూఈఎఫ్‌ఐ, కొత్తరకం డిస్కు పద్ధతి జీపీటీ కావాలి. డిస్కు చెరపకుండానే మార్చుకోవచ్చు. విండోస్‌లోనే వచ్చే ఎంబీఆర్ టు జీపీటీ (mbr2gpt) అనే కమాండును అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు వ్యాలిడేట్ (/validate) అని, అది సరే అంటే కన్వర్ట్ (/convert) అని నడపాలి. రెండింటికీ అలవ్‌ ఫుల్ ఓఎస్ అనే స్విచ్ (/allowFullOS) తగిలించాలి. వ్యాలిడేషన్ ఫెయిలైతే మొదట పార్టిషన్లు లెక్కపెట్టండి. మూడుకి మించి ప్రైమరీ పార్టిషన్లు ఉంటే ఒప్పుకోదు, సీ, డీ, ఈ అని చేసి పైన సిస్టం రిజర్వ్‌డ్ ఉన్న డిస్కులు ఇక్కడే దొరికిపోతాయి. కన్వర్ట్ అయ్యాక బయాస్‌లో పాతరకం బూట్‌ని నడిపే సీఎస్ఎం ఆఫ్ చేసి యూఈఎఫ్‌ఐ పెట్టకపోతే సిస్టం లేవదు, డిస్కు పోయిందని కంగారు పడకండి. సీఎస్ఎం ఆఫ్ చేశాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే తప్పు పాత గ్రాఫిక్స్ కార్డుది. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే దాన్ని పీకేసి మదర్‌బోర్డు పోర్టుకే మానిటర్ కలపండి.

ఎక్కని మెషీన్ల సంగతి. రూఫస్ అనే ప్రోగ్రాముతో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేసేటప్పుడు టీపీఎం తనిఖీ తీసేయమని టిక్ పెడితే చాలా పాత సిస్టమ్‌ల మీద కూడా ఎక్కుతుంది. అది ఎక్కించి ఇస్తామనేవాళ్లు ఊరికి నలుగురున్నారు. కానీ ఏటా వచ్చే కొత్త వెర్షన్ ఆ మెషీన్లకు తనంతట తాను రాదు, ప్రతిసారీ మళ్లీ పెన్‌డ్రైవే. పైగా 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి కోర్ 2 డ్యుయో కాలపు ప్రాసెసర్లు ఆ దొడ్డిదారిన కూడా లేవవు. ఇంట్లో పిల్లల సిస్టం అయితే మీ ఇష్టం, డబ్బు లావాదేవీలు జరిగే చోట వద్దు. దానికంటే విండోస్ 10నే ఉంచి ఈఎస్‌యూలో, అంటే మద్దతు ఆగాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకంలో, చేరడం నయం. 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. 30 డాలర్లు కట్టాలని పేపర్లలో వచ్చింది గానీ అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి సెట్టింగ్స్ సింక్ చేయడానికి ఒప్పుకుంటే ఉచితం, ఒక అకౌంటు మీద పది మెషీన్ల దాకా చేర్చవచ్చు. వెర్షన్ 22హెచ్2 ఉండాలి, లాగిన్ అయినది అడ్మిన్ అకౌంటు అయి ఉండాలి. విండోస్ అప్‌డేట్ పేజీలో "ఎన్‌రోల్ నౌ" కనబడకపోతే 2025 ఆగస్టులో వచ్చిన కేబీ5063709 పడలేదేమో చూడండి.

ఇక ఎక్కించడం. మన వైపు దీన్ని చెడగొట్టేవి రెండు: మొబైల్ డేటా, కరెంటు. విండోస్ 11 మొత్తం ఉండే ఐఎస్ఓ ఫైలు 5 జీబీ దాటుతుంది. మైక్రోసాఫ్ట్ సైట్ ఇచ్చే డౌన్‌లోడ్ లింకు 24 గంటలే పనిచేస్తుంది. రోజుకి రెండు జీబీ ప్యాకు మీద ఇవాళ కొంత, రేపు కొంత దించుదామంటే రేపటికి లింకే చచ్చిపోతుంది. అదే విండోస్ అప్‌డేట్ ద్వారా దించితే నెట్ పోయినా ఆగినచోటి నుంచి అందుకుంటుంది. రెండు మూడు సిస్టమ్‌లు ఉంటే మాత్రం ఫైబర్ నెట్ ఉన్నచోట ఒక్కసారి ఐఎస్ఓ దించి 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవడమే తెలివి. సెటప్ తెరవగానే "చేంజ్ హౌ సెటప్ డౌన్‌లోడ్స్ అప్‌డేట్స్" నొక్కి "నాట్ రైట్ నౌ" ఎంచుకోండి. లేకపోతే 46 శాతం దగ్గర గంటలకొద్దీ కూర్చుంటుంది.

ఐఎస్ఓ దించేటప్పుడు భాష దగ్గర చేసే పొరపాటు చాలామందిని ఏడిపించింది. సైట్‌లో ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్ అని ఒకటి, ఇంగ్లిష్ ఇంటర్నేషనల్ అని ఒకటి ఉంటాయి. మీ విండోస్ 10 ఏ రకమో అదే తీసుకోవాలి. తేడా వస్తే "కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్" అన్న గీత బూడిద రంగులోకి పోతుంది, ఫైళ్లు మిగులుతాయి గానీ ప్రోగ్రాములన్నీ పోతాయి. అనుకీ ఆకృతికీ సీడీ ఎక్కడ పెట్టారో, కీ ఏమిటో గుర్తులేని షాపుకి అది మామూలు నష్టం కాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ ఆన్‌లైన్ గెట్ ఇంటల్ (dism /online /get-intl) అని చూస్తే డిఫాల్ట్ సిస్టం యూఐ లాంగ్వేజ్ దగ్గర ఈఎన్-యూఎస్ ఉందో ఈఎన్-జీబీ ఉందో తెలుస్తుంది. కింద రీజియన్ ఇండియా అని ఉన్నదాంతో సంబంధం లేదు. బూడిద రంగు కనబడితే నెక్స్ట్ నొక్కకుండా బయటికి వచ్చేయండి. ఇంకొకటి, మీ విండోస్ 10 గనక 32 బిట్ అయితే అప్‌గ్రేడ్ అనే మాటే లేదు. విండోస్ 11లో 32 బిట్ లేదు, అన్నీ చెరిపి కొత్తగా వేయడమే.

సీ డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ పెట్టుకోండి. "సిస్టం రిజర్వ్‌డ్ పార్టిషన్ అప్‌డేట్ చేయలేకపోయాం" అంటే సీ డ్రైవ్ ఖాళీ చేసి లాభం లేదు, నిండింది 100 ఎంబీ ఉండే చిన్న బూట్ పార్టిషన్. మౌంట్‌వాల్ కమాండుతో (mountvol y: /s) దానికి వై అనే అక్షరం ఇచ్చి, ఈఎఫ్‌ఐ, మైక్రోసాఫ్ట్, బూట్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉన్నవి తీసేస్తే చోటు వస్తుంది. ఆ ఫాంట్లు బూట్ మెనూవి, మన తెలుగు ఫాంట్లు కావు. 0ఎక్స్‌సీ1900101తో మొదలయ్యే ఎర్రర్ అయితే డ్రైవర్ల గొడవ. ప్రింటరు, వేలిముద్ర మిషను, సాఫ్ట్‌వేర్‌కి తాళంచెవిలా గుచ్చే డాంగిల్, వైఫై ముక్క అన్నీ పీకేసి, బయటి యాంటీవైరస్ తీసేసి మళ్లీ నడపండి. అసలు మొదటిసారే కీబోర్డు, మౌసు తప్ప ఇంకేమీ లేకుండా మొదలుపెట్టాలి.

ఎస్ఎస్‌డీ మీద గంటలోపు అయ్యే పని, పాత హార్డ్ డిస్క్ మీద మూడు నాలుగు గంటలు పడుతుంది. మధ్యలో చాలాసార్లు రీస్టార్ట్ అవుతుంది. పదిహేను నిమిషాల యూపీఎస్ దేనికీ చాలదు. కరెంటు పోతే చాలాసార్లు సెటప్ తానే వెనక్కి తిరిగి విండోస్ 10కి వస్తుంది, కానీ ఆ వెనక్కి తిరిగేటప్పుడు మళ్లీ కరెంటు పోతే డిస్కు బయటికి తీయాల్సిందే. ఫైలిన్ తుపాను 2013లో, తిత్లీ తుపాను 2018లో రెండూ అక్టోబర్ రెండో వారంలోనే వచ్చాయి. మైక్రోసాఫ్ట్ గడువు కూడా అక్టోబర్‌లోనే పెట్టిందని ఆ నెలలోనే మొదలెట్టకండి. హార్డ్ డిస్క్ మీద విండోస్ 11 నడుస్తుంది గానీ టాస్క్ మేనేజర్‌లో డిస్క్ నూరు శాతం చూస్తూ కూర్చోవాలి. 4 జీబీ ర్యామ్ చాలని కాగితం మీద ఉంది, పేజ్‌మేకరూ క్రోమూ కలిసి తెరిస్తే 8 లేకుండా పని జరగదు.

అప్‌గ్రేడ్ అయ్యాక మొదట మొరాయించేది ప్రింటరు. ఎల్‌బీపీ 2900బీ క్యాప్ట్ అనే కెనాన్ సొంత భాషలో మాట్లాడుతుంది, కాబట్టి విండోస్ తనంతట తాను వేసే మామూలు డ్రైవర్ దీనికి అర్థం కాదు. ప్రింటరు లిస్టులో కనబడుతూ కాగితం కదలకపోతే ముందు ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ చూడండి. యూఎస్‌బీ001 మీద టిక్ ఉండి, ప్రింటరు యూఎస్‌బీ002కి మారి ఉంటుంది. టిక్ మారిస్తే క్యూలో ఇరుక్కున్నవన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. అది కాకపోతే పాత డ్రైవర్ పూర్తిగా తీసి, రీస్టార్ట్ చేసి, కెనాన్ సైట్ నుంచి 64 బిట్ క్యాప్ట్ డ్రైవర్ వేయండి. కేబుల్ అది అడిగినప్పుడే గుచ్చాలి. ప్రింటర్స్ పేజీలో "విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్" అని ఒకటి ఉంటుంది. పేరు చూసి మంచిదేదో అనుకుని ఆన్ చేశారంటే కంపెనీ డ్రైవర్లన్నిటినీ తీసిపారేస్తుంది.

ఒక ప్రింటరుని రెండు సిస్టమ్‌లకు షేర్ చేసుకునే చోట ఇంకో తంటా. పాస్‌వర్డు లేకుండా షేరింగ్ పెట్టుకునే అలవాటుకి 24హెచ్2 ప్రో ఎడిషన్ తలుపు మూసేసింది, గెస్ట్‌గా లోపలికి రానివ్వదు. రిజిస్ట్రీలో గెలికి పాతపద్ధతి తెచ్చుకోమని వీడియోలు చెబుతాయి. దానికంటే ప్రింటరు ఉన్న సిస్టమ్‌లో ఒక యూజరుని పాస్‌వర్డుతో తయారు చేసి, రెండో సిస్టమ్‌లో క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ పేరూ పాస్‌వర్డూ దాచిపెడితే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

అసలు కథ ఫాంట్లది. అను యూనికోడ్ (అన్ని లిపులకూ విడివిడి సంకేతాలున్న పద్ధతి) కాదు. తెలుగు అక్షరాల బొమ్మల్ని ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో కూర్చోబెట్టిన ఫాంట్లు అవి. ఫాంట్ దొరక్కపోతే పెళ్లికూతురు పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలూ డాలరు గుర్తులూ కామాలూ కలిసిన చెత్త కనబడుతుంది. ఫైలు పాడైందని కొత్తగా టైపు కొట్టడం మొదలుపెట్టకండి, ఫైలు భద్రంగానే ఉంది. కొత్తగా విండోస్ వేశాక ఫాంట్ మీద రెండుసార్లు క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే అది ఆ ఒక్క యూజరు ఫోల్డర్‌లోకి పోతుంది. వర్డ్‌లో కనబడుతుంది, పేజ్‌మేకర్ లాంటి పాత ప్రోగ్రామ్‌లో కనబడదు. ఫాంట్లన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ చేసి, "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" నొక్కాలి. విండోస్ 11లో అది పైకి కనబడకపోతే "షో మోర్ ఆప్షన్స్" లోపల ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా వస్తుంది. ఈ ఒక్క వాక్యం తెలియక ఫాంట్లు మూడేసి సార్లు వేసేవాళ్లున్నారు.

అను స్క్రిప్ట్ మేనేజర్ ఆన్‌లో ఉండి కూడా పేజ్‌మేకర్‌లో ఇంగ్లిషే పడుతుంటే కారణం ఇది: పేజ్‌మేకర్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి, స్క్రిప్ట్ మేనేజర్‌ని మామూలుగా తెరిచి ఉంటారు. తక్కువ హోదా ప్రోగ్రాము ఎక్కువ హోదా కిటికీలో మీటలు మార్చడానికి విండోస్ ఒప్పుకోదు. రెంటినీ అడ్మినిస్ట్రేటర్‌గానే తెరవండి. టాస్క్‌బార్‌లో కీబోర్డు ఇంగ్లిష్‌లో ఉండాలి. విండోస్ వాళ్ల తెలుగు కీబోర్డు మీద అను పెడితే రెండు కత్తులు ఒక ఒరలో దూర్చినట్టే. డాంగిల్‌తో నడిచే పాత సాఫ్ట్‌వేర్ "లాక్ దొరకలేదు" అంటే, విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ అయిందేమో చూడండి. పాత డాంగిల్ డ్రైవర్లను అది లోడ్ కానివ్వదు. ఆఫ్ చేస్తే నడుస్తుంది గానీ రక్షణ ఒక మెట్టు తగ్గుతుంది. ముందు ఆ కంపెనీ కొత్త డ్రైవర్ ఇస్తోందేమో అడగండి.

యూనికోడ్‌లో పనిచేసేవాళ్లకు విండోస్ 11 సుఖం. తెలుగు, ఒడియా రెండింటికీ ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ కీబోర్డులు లోపలే ఉన్నాయి, విండోస్ మీట, స్పేస్ నొక్కితే మారతాయి. టైపింగ్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కీబోర్డు కింద "ఒక్కో కిటికీకి ఒక్కో భాష" అన్నది టిక్ పెట్టుకుంటే వర్డ్‌లో తెలుగు, బ్రౌజర్లో ఇంగ్లిష్ దేనికదే ఉండిపోతుంది. మూడు లిపుల్లో దరఖాస్తులు కొట్టే షాపుకి ఇంతకంటే మేలు చేసే టిక్ ఇంకొకటి లేదు. గౌతమి, వాణి, కళింగ ఫాంట్లతో చేసిన పాత పత్రాల వరసలు చెదిరిపోతే ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్, ఒడియా సప్లిమెంటల్ ఫాంట్స్ విడివిడిగా వేసుకోవాలి. కొత్త విండోస్‌లో అవి మొదటి నుంచీ ఉండవు.

వేలిముద్ర మిషనుకి వరస ముఖ్యం. మిషను పీకి, పాత డ్రైవరూ, వేలిముద్రను పోర్టల్‌కి అందించే ఆర్‌డీ సర్వీసూ రెండూ తీసేసి, రీస్టార్ట్ చేసి, డ్రైవర్ వేసి, అప్పుడు మిషను గుచ్చి, చివర ఆర్‌డీ సర్వీసు వేయాలి. ఆ సర్వీసు మన సిస్టమ్‌లోనే 11100 నుంచి 11120 మధ్య ఏదో ఒక పోర్టులో జవాబిస్తుంది. రెండు కంపెనీల సర్వీసులు కలిసి ఉంటే పోర్టల్ ఒక్కోసారి తప్పు పోర్టు తలుపు తట్టి "డివైస్ నాట్ రెడీ" అంటుంది. వాడని కంపెనీది తీసేయండి. పాత ఎల్0 రకం (భద్రత తక్కువ) మిషను కోసం డ్రైవర్లు వెతుక్కుంటూ రోజు పాడుచేసుకోవద్దు, ఆధార్ సంస్థ ఎలాగూ ఎల్1 రకానికి మారమంది.

టాస్క్‌బార్ మధ్యలోకి పోవడం పెద్ద విషయం కాదు, పర్సనలైజేషన్‌లో లెఫ్ట్ అని పెట్టుకోండి. వర్డ్‌ప్యాడ్ 24హెచ్2తో తీసేశారు, ఆఫీస్ లేని చోట లిబ్రే ఆఫీస్ వేసుకోవాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లేదు, పాత ప్రభుత్వ సైట్లకు ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది. దాంట్లో చేర్చిన సైటు 30 రోజులకి జాబితాలోంచి జారిపోతుంది, మళ్లీ చేర్చుకోవాలి.

గట్టిగా చెప్పాల్సింది మైక్రోసాఫ్ట్ అకౌంటు గురించి. 24హెచ్2 కొత్తగా వేసి అకౌంటుతో లాగిన్ అయితే చాలా మెషీన్లలో, హోం ఎడిషన్‌లో కూడా, డిస్కు తనంతట తాను తాళం వేసుకుంటుంది. రేపు బయాస్ అప్‌డేట్ చేసినా, మదర్‌బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. ఎవరి అకౌంటులో? సిస్టం వేసి ఇచ్చిన మెకానిక్ తొందరలో తన మెయిల్ ఐడీ కొట్టేసి ఉంటే, మీ పదేళ్ల శుభలేఖల ఫైళ్ల తాళంచెవి అతని దగ్గర ఉన్నట్టు. విండోస్ వేయించేటప్పుడు పక్కన నిలబడి మీ మెయిలే కొట్టించండి. ఆ రోజే రికవరీ కీ ప్రింటు తీసి బిల్లు పుస్తకంలో పెట్టండి.

విండోస్ 10 అసలైనదైతే అప్‌గ్రేడ్‌కి పైసా కట్టక్కర్లేదు. యాక్టివేట్ కాని విండోస్ 10 విండోస్ 11 అయినా యాక్టివేట్ కాకుండానే ఉంటుంది, పాత విండోస్ 7 కీలు 2023 సెప్టెంబర్ నుంచి పనిచేయడం లేదు.

నచ్చకపోతే సెట్టింగ్స్, సిస్టం, రికవరీలో గో బ్యాక్ నొక్కి వెనక్కి రావచ్చు, గడువు పది రోజులు. అది చాలదనుకుంటే ఆ పది రోజుల్లోపే డిస్మ్ కమాండులో సెట్ ఓఎస్ అన్‌ఇన్‌స్టాల్ విండో (dism /online /set-osuninstallwindow /value:60) అని 60 వరకు విలువ ఇచ్చుకోవచ్చు. ఈలోగా చోటు చాలడం లేదని డిస్క్ క్లీనప్‌లో "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్" మీద టిక్ పెట్టకండి, వెనక్కి వచ్చే దారి ఆ ఫోల్డరే. ఆ గడువులో ఒక తెలుగు శుభలేఖ, ఒక ఒడియా దరఖాస్తు, ఒక వేలిముద్ర, రెండో సిస్టం నుంచి ఒక ప్రింటు, ఈ నాలుగూ సరిగ్గా వచ్చాకే పాత విండోస్ చెరపండి. ముహూర్తాలున్న నెలలో మాత్రం ఈ పనే పెట్టుకోకండి.